ఇనప పళ్ళోడి సినిమా ఉందా?

2017 మే 23. జేమ్స్ బాండ్ వేషం వేసిన రోజర్ మూర్ చనిపోయాడని టీవీలో స్క్రోలింగ్ వస్తుండగానే అన్నయ్య ఫోన్ చేశాడు. "మీ వాడు పోయాడ్రా" అన్నాడు. 89 ఏళ్ళ మనిషి, క్యాన్సర్, స్విట్జర్లాండ్‌లో ప్రాణం పోయింది. ఈ వివరాలన్నీ టీవీ వాళ్ళే చెప్పారు. అన్నయ్య మాత్రం ఆ ఒక్క ముక్క అని, కాసేపు ఏం మాట్లాడాలో తెలియక, "సర్లే, పిల్లలెలా ఉన్నారు" అన్నాడు.

ఆ "మీ వాడు" వెనక పెద్ద చరిత్రే ఉంది. అన్నయ్య షాన్ కానరీ పార్టీ. జేమ్స్ బాండ్ అంటే కానరీయే, తర్వాత వచ్చినవాళ్ళంతా కోటు కుట్టించుకున్నవాళ్ళని అన్నయ్య సిద్ధాంతం. నేను మూర్ పార్టీ. నాకు ముందు కనబడినవాడు అతనే. ఎవరి బాండ్ వాళ్ళకు మొదట చూసినవాడే అంటారు గానీ, నా విషయంలో అది సగమే నిజం. మిగతా సగం చాలా ఏళ్ళ తర్వాత, ఒక కౌంటర్ వెనక నిలబడి ఉన్నప్పుడు పట్టుబడింది. అది తర్వాత చెప్తాను.

* * *

మేం హాల్లో చూసిన మొదటి బాండ్ సినిమా 'ద స్పై హూ లవ్డ్ మి'. 1977లో విడుదలైన సినిమా మా కళ్ళ దాకా రావడానికి ఏళ్ళు పట్టింది. ఇంగ్లీషు సినిమా అంటే అప్పుడు మార్నింగ్ షోనే. మ్యాట్నీకి అసలు సినిమా మొదలయ్యేలోపు ఖాళీగా ఉన్న హాలుకి ఇంత పని చెప్పాలి కాబట్టి వేసేవాళ్ళు. ఊరూరూ తిరిగిన ప్రింటు, తెర నిండా గీతల వాన. రీలు మారే చోట బొమ్మ ఎగిరి, సగం మాట మింగేసేది. డబ్బింగ్ లేదు, కింద అక్షరాలు రావు. నాకు ఇంగ్లీషు రాదు, తనకు వచ్చని అన్నయ్య అనేవాడు. సినిమా సాగినంతసేపూ నా చెవిలో కథ చెప్పాడు. జలాంతర్గాములను మింగే ఓడతో ప్రపంచాన్ని తగలబెట్టాలనుకునే స్ట్రోంబర్గ్, అన్నయ్య కథలో సముద్రం అడుగున నిధి కోసం వెతికే జమీందారు. నాకు ఇప్పటికీ ఆ కథే బాగుంటుంది.

కానీ మొదటి పది నిమిషాలకు మాత్రం అన్నయ్య అవసరం రాలేదు. మంచు కొండ మీద పసుప్పచ్చ సూటు వేసుకుని బాండ్ స్కీల మీద జారుతుంటాడు. వెనక తుపాకులతో నలుగురు. కొండ అయిపోతుంది. అతను ఆగడు, అంచు దాటి గాల్లోకి వెళ్ళిపోతాడు. సరిగ్గా అక్కడ సంగీతం ఆగిపోతుంది. హాలంతా నిశ్శబ్దం. వెనక గదిలో ప్రొజెక్టర్ కరకర తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. మనిషి పడుతూనే ఉన్నాడు, కాళ్ళ నుంచి స్కీలు ఊడి వేరే దారిన పోతున్నాయి, అయినా పడుతూనే ఉన్నాడు. అప్పుడు బ్రిటన్ జెండా రంగుల్లో పారాచూట్ గొడుగు విచ్చుకుంది, బాండ్ సంగీతం ఒక్కసారిగా విరుచుకుపడింది. బెంచీలో కూర్చున్న పెద్దమనుషులు కూడా ఈలలేశారు. మనల్ని రెండు వందల ఏళ్ళు ఏలినవాళ్ళ జెండాకి ఈలలేంటని ఆ క్షణంలో ఎవరికీ తోచలేదు.

ఆ దూకినవాడు మూర్ కాదు. రిక్ సిల్వెస్టర్ అనే స్టంట్‌మన్. కెనడా ఉత్తరాన బాఫిన్ ద్వీపంలో మౌంట్ ఆస్గార్డ్ అనే కొండ మీద తీశారు. ఆ షాట్ తీసిన రెండో యూనిట్‌కి జాన్ గ్లెన్ దర్శకుడు, తర్వాత మూర్ చివరి మూడు బాండ్ సినిమాలూ అతనే తీశాడు. ఊడిన స్కీ ఒకటి విచ్చుకుంటున్న పారాచూట్‌ని తగులుతూ పోవడం జాగ్రత్తగా చూస్తే తెరమీదే కనబడుతుంది. ఇంకొంచెం గట్టిగా తగిలి ఉంటే ఆ మనిషి సంగతేంటో!

* * *

చదువుకునే రోజుల్లో కొన్నాళ్ళు ఒక వీడియో లైబ్రరీలో సాయంత్రాలు పనిచేశాను. ఇప్పుడు ఆ మాటకు అర్థం చెప్పాల్సి వస్తోంది. గోడ నిండా క్యాసెట్లు, ఎవరు ఏది పట్టుకెళ్ళారో రాసే పొడవాటి పుస్తకం, తిప్పకుండా ఇచ్చేసిన టేపుల్ని వెనక్కి చుట్టడానికి బొమ్మ కారు ఆకారంలో ఒక మెషిన్. బొమ్మ వణికితే స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో హెడ్ తుడిచేవాణ్ణి. వానాకాలంలో టేపులకు బూజు పట్టేది. క్యాసెట్ మూత తీస్తే వచ్చే ఆ ప్లాస్టిక్, బూజు కలిసిన వాసన వేరే ఎక్కడా తగల్లేదు నాకు.

అక్కడ నాకు తెలిసిన సంగతి ఇది. కానరీ సినిమా కావాలనుకున్నవాళ్ళు కానరీ పేరు చెప్పి అడిగేవాళ్ళు. "పాత బాండుది ఇవ్వు, కానరీది." రోజర్ మూర్ సినిమా కావాలని మాత్రం ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అలాగని అతని సినిమాలు పోవా అంటే, అవే ఎక్కువ పోయేవి. "తమ్ముడూ, ఇనప పళ్ళోడి సినిమా ఉందా?" "నీళ్ళలో పోయే కారుది ఇవ్వు." "మొసళ్ళ మీద పరిగెడతాడే, అది." "బంగారు తుపాకీ." "మన ఉదయపూర్‌ది." సినిమా పేరు ఎవరికీ పట్టదు, హీరో పేరూ పట్టదు. నేను కూడా పుస్తకంలో అలాగే రాసేసేవాణ్ణి. 'ఇనప పళ్ళు ఒకటి', 'ఇనప పళ్ళు రెండు'. ఏడడుగుల రిచర్డ్ కీల్ వేసిన ఆ జాస్ పాత్ర రెండు సినిమాల్లో ఉంది మరి.

12 ఏళ్ళు, 7 సినిమాలు చేసిన హీరో పేరు ఎవరికీ అక్కర్లేకపోవడం అన్నయ్యకు ఆయుధమైంది. "చూశావా, మీ వాడు సెట్‌లో సామాను లాంటివాడు" అనేవాడు. ఆ పుస్తకమే నన్ను ఇంకో వైపు ఆలోచింపజేసింది. ఇనప పళ్ళోడు తెరమీదికి వచ్చిన ప్రతిసారీ మూర్ ఏం చేస్తున్నాడో చూడండి. ఒక అడుగు వెనక్కి వేస్తాడు. కొట్టిన దెబ్బ పనిచెయ్యక చెయ్యి నొప్పెట్టినట్టు మొహం పెడతాడు. నవ్వు మనకు వాడి మీద రాదు, బాండ్ మీద వస్తుంది. మొసలికి, కారుకి, విలన్‌కి, కొండకి తెర వదిలేసి తను పెళ్ళింట్లో మేనమామలా పక్కన నిలబడి అందరినీ ముందుకు పంపేవాడు. అలా నిలబడగలిగిన హీరోలు బహు తక్కువ. కానరీ ఉన్న షాట్‌లో మన కళ్ళు వేరే దేని మీదా ఆగవు, అది గొప్పతనమే. అయితే ఆ పద్ధతిలో ఇనప పళ్ళోడు పుట్టడు.

* * *

అన్నయ్యతో వాదన కోసం నేను లెక్కలు పోగేశాను. వయసులో మూర్ కానరీ కన్నా పెద్దవాడని తెలిసిన రోజు నాకు పండగ. మూర్ 1927 అక్టోబర్‌లో లండన్‌లో పుట్టాడు, తండ్రి పోలీసు. కానరీ 1930 ఆగస్టు. అంటే కానరీ వదిలేసిన వేషాన్ని అతనికన్నా దాదాపు మూడేళ్ళు పెద్దవాడు వేసుకుని, 45 ఏళ్ళ వయసులో మొదలుపెట్టాడు. అంతకు ముందు 1962 నుంచి 1969 దాకా బ్రిటిష్ టీవీలో 'ద సెయింట్' సీరియల్‌కి అతనే హీరో. అందుకే సూటు నలగకుండా కొట్లాడ్డం ముందే వచ్చు.

మొదటి రెండు సినిమాలూ నేను పెద్దగా సమర్థించను. 1973 'లివ్ అండ్ లెట్ డై'లో అతని చేత కానరీ పనులేవీ చేయించకూడదని జాగ్రత్తపడ్డారు. మార్టినీ మానేసి బర్బన్ విస్కీ అడుగుతాడు, సిగరెట్ బదులు చుట్ట. ఆ సినిమాలో గుర్తుండేది మొసళ్ళే. జమైకాలో మొసళ్ళ ఫారం నడిపే రాస్ కనాంగా అనే ఆసామి, వాటి వీపుల మీదుగా నిజంగానే పరిగెత్తి అవతలి గట్టుకి చేరాడు, అదీ పలుమార్లు ప్రయత్నించాక. విలన్‌కి అతని పేరే పెట్టుకున్నారు. ఆ సీను వచ్చేసరికి టేపు అరిగిపోయి గీతలు పడేది, అందరూ అక్కడే వెనక్కి తిప్పి తిప్పి చూసేవాళ్ళు.

1974 'ద మ్యాన్ విత్ ద గోల్డెన్ గన్'లో విలన్ వేసిన క్రిస్టఫర్ లీ ముందు మూర్ తేలిపోయాడు. పైగా దర్శకుడు గై హామిల్టన్ అతని చేత ఒక అమ్మాయి చెయ్యి మెలిపెట్టి నిజం చెప్పించే సీను చేయించాడు. కానరీ చేస్తే భయమేసేది. మూర్ చేస్తే ఎవరో బలవంతాన చేయిస్తున్నట్టుంది. మూర్‌కి కూడా అది నచ్చలేదు. ఆ సినిమాలోనే విరిగిన వంతెన మీదనుంచి కారు గాల్లో గుండ్రంగా తిరిగి అవతల దిగుతుంది. కంప్యూటర్‌తో లెక్కలు కట్టి తీసిన షాట్ అది. అంత కష్టపడి తీసినదాని మీద సర్కస్ జోకర్ ఈల లాంటి శబ్దం వేశారు. ఆ సంగీత దర్శకుడు జాన్ బ్యారీయే తర్వాత దానికి నొచ్చుకున్నాడు. లైబ్రరీలో ఆ సీను దగ్గర సౌండ్ తగ్గించి చూసేవాణ్ణి.

ఆ తర్వాత నిర్మాత హ్యారీ సాల్ట్‌జ్‌మన్ తప్పుకున్నాడు. ఆల్బర్ట్ బ్రాకొలీ ఒక్కడే మిగిలాడు. సిరీస్ అయిపోయిందనుకున్నారు చాలామంది. మూడేళ్ళ విరామం తర్వాత వచ్చిందే మా మార్నింగ్ షో సినిమా. దాని కోసం లండన్ దగ్గర పైన్‌వుడ్‌లో 007 స్టేజ్ అని పెద్ద షెడ్డే కట్టారు, జలాంతర్గాములు పట్టే ఓడ లోపలి సెట్‌కి. కారు సముద్రంలోంచి ఒడ్డుకి వస్తుంటే చేతిలో సీసా వంక అనుమానంగా చూసుకునే మనిషి ఒకడుంటాడు, గుర్తుందా? వరసగా మూడు సినిమాల్లో వస్తాడు. వాణ్ణి పట్టుకున్నవాళ్ళకి మా లైబ్రరీలో ప్రత్యేక గౌరవం.

* * *

ఇప్పుడు అసలు సంగతి. మూర్ బాండ్ అంటే నవ్వు, ఎత్తిన కనుబొమ్మ. తన నటనంతా ఎడమ కనుబొమ్మ, కుడి కనుబొమ్మేనని అతనే చెప్పుకుని నవ్వించేవాడు. తుపాకీ పేలిస్తే కళ్ళు మూసుకుపోయేవి, నిజజీవితంలో తుపాకులంటే పడదు. పరిగెత్తడం చేతకాదని కూడా తనే ఒప్పుకున్నాడు. ఇవన్నీ విని చాలామంది అతన్ని అలాగే లెక్కగట్టేశారు.

కానీ ప్రతి సినిమాలో ఒక చోట ఆ నవ్వు ఆగుతుంది. లైబ్రరీకి ఎవరూ రాని వేళల్లో ఆ చోట్లే వెతికి చూడ్డం నాకు అలవాటైపోయింది. 'ద స్పై హూ లవ్డ్ మి'లో కైరో బార్‌లో రష్యన్ గూఢచారి అన్యా బాండ్ చరిత్ర అప్పజెబుతుంటుంది. ఒకసారే పెళ్ళైంది, భార్యని చంపేశారు అనగానే మూర్ ఆమెను ఆపేస్తాడు. గొంతు పెంచడు. మొహంలో కాంతి పోతుందంతే. మళ్ళీ అదే సినిమాలో, ఆమె ప్రేమించినవాణ్ణి తనే చంపి ఉంటాడని తెలిసినప్పుడు, అబద్ధం చెప్పడు, క్షమించమనీ అడగడు. మనం చేసే పనిలో ఇది తప్పదని మాత్రం చెబుతాడు. అన్నయ్యకు ఈ రెండు సీన్లూ క్యాసెట్ వేసి చూపించాను. "బాగానే చేశాడు" అన్నాడు. అన్నయ్య నోట్లోంచి అదే గొప్ప.

'మూన్‌రేకర్' 1979. స్టార్ వార్స్ ఆడిందని బాండ్‌ని కూడా అంతరిక్షంలోకి పంపారు. అమెరికా స్పేస్ షటిల్ మొదటిసారి అంతరిక్షంలోకి ఎగరకముందే బాండ్ షటిల్ ఎక్కాడు. ఆ గోలలో ఒక సీను ఉంది. వ్యోమగాముల్ని తిప్పే యంత్రంలో బాండ్‌ని కూర్చోబెట్టి, వేగం పెంచి చంపబోతారు. ఎలాగో ఆపుకుని దిగుతాడు. కాళ్ళు నిలవవు. సాయానికొచ్చిన హీరోయిన్ హాలీ చేతిని నెట్టేస్తాడు. జోక్ వెయ్యడు. మొత్తం సినిమాలో నేను నమ్మిన క్షణం అదే.

1981లో జాన్ గ్లెన్ బాండ్‌ని నేలమీదికి దించి 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' తీశాడు. మొదట్లోనే బాండ్ భార్య సమాధి దగ్గర పువ్వులు పెడతాడు. తర్వాత ఒక హంతకుడి కారు కొండ అంచున వేలాడుతుంటుంది. బాండ్ దగ్గరికి నడిచి, చనిపోయిన స్నేహితుడి దగ్గర దొరికిన పావురం బిళ్ళని వాడి మీదికి విసిరి, కారుని కాలితో తన్ని లోయలోకి తోసేస్తాడు. తన బాండ్ అలా చెయ్యడని మూర్ వాదించాడట, దర్శకుడు పట్టుబట్టి చేయించాడు. నా ఉద్దేశంలో మూర్ ఇష్టపడకపోవడం వల్లే ఆ సీను అంత పండింది. చంపడం ఇష్టం లేని మొహంతో చంపుతాడు.

ఆ సినిమాలో బాండ్ పై అధికారి 'ఎం' కనిపించడు. ఆ పాత్ర వేసిన బెర్నార్డ్ లీ ఆ ఏడు జనవరిలో పోయాడు. అతని చోట ఇంకొకర్ని అప్పటికప్పుడు పెట్టకుండా, ఎం సెలవులో ఉన్నాడని చెప్పి వదిలేశారు. అలాంటి మర్యాదలు ఆ సిరీస్‌లో ఉండేవి.

* * *

'ఆక్టోపస్సీ' గురించి ఎంత చెప్పినా తక్కువే, మా అందరికీ అది సొంత సినిమా. 1983. ఉదయపూర్ సరస్సు, అందులో తెల్లటి ప్యాలెస్, కొండ మీద విలన్ కోట. బాండ్ పడవలోంచి దిగగానే పాములాడించేవాడి వేషంలో విజయ్ అమృతరాజ్ బూరలో బాండ్ ట్యూనే ఊదుతాడు, అదే గుర్తు. హాల్లో గోల అంతా ఇంతా కాదు. మద్రాస్ టెన్నిస్ ఆటగాడు జేమ్స్ బాండ్ పక్కన! ఆటో ఛేజ్‌లో రాకెట్ పుచ్చుకుని గూండాల్ని కొడతాడు. కబీర్ బేడీ పాచికల్ని చేత్తో పట్టి పొడి చేసి రాలుస్తాడు. ఆ ఆటోల సీను చూసి నవ్వినవాళ్ళలో సగం మంది ఆటోలోనే ఇంటికెళ్ళారు.

పెద్దయ్యాక చూస్తే కొన్ని గుచ్చుకున్నాయి. మేకుల మంచం, నిప్పులు, కత్తులు మింగేవాడు అన్నీ ఒకే బజారులో దొరుకుతాయి. జూదంలో గెలిచిన నోట్లు ఇక్కడివాళ్ళ చేతిలో పెట్టి, కొన్నాళ్ళు కూర తినడానికి సరిపోతాయన్నట్టు జోకేస్తాడు బాండ్. అది అప్పుడు మాకు అర్థం కాలేదు కాబట్టి ఈలేశాం. విజయ్‌ని చంపించిన పద్ధతి కూడా నచ్చదు నాకు. అదే సినిమాలో మూర్ జోకర్ రంగు పూసుకుని సర్కస్ డేరాలో బాంబు ఆపడానికి జనాన్ని తోసుకుంటూ వెళ్తాడు. చుట్టూ అందరూ అతన్ని చూసి నవ్వుతుంటారు. రంగు కింద మొహంలో టెన్షన్, ఎవరూ నమ్మడం లేదన్న నిస్సహాయత. మూర్‌ని జోకర్ అన్నవాళ్ళందరికీ మూర్ చేత జోకర్ వేషంలోనే జవాబు చెప్పించినట్టుంది.

అదే ఏడు కానరీ వేరే నిర్మాతల దగ్గర 'నెవర్ సే నెవర్ అగైన్' చేశాడు. ఇద్దరు బాండ్‌లు ఒకే ఏడాది. వసూళ్ళలో మూర్ గెలిచాడు. ఈ మాట అన్నయ్య దగ్గర ఎన్నిసార్లు అన్నానో. 2020 అక్టోబర్ ఆఖర్లో కానరీ పోయినప్పుడు ఈసారి నేను ఫోన్ చేశాను. "మీ వాడు..." అనబోయి ఆగాను. అన్నయ్యే, "తెలుసురా" అన్నాడు. ఆ రోజు వసూళ్ళ మాట ఎత్తలేదు.

* * *

1985 'ఎ వ్యూ టు ఎ కిల్' చెయ్యకుండా ఉండాల్సింది. అప్పటికి మూర్‌కి 57. తనకి వయసు మించిపోయిందని అతనే తర్వాత ఎగతాళి చేసుకున్నాడు. లాంగ్ షాట్‌లో డూపు జుట్టు వేరే రంగులో కనబడుతుంది. ఎం సెక్రటరీ మనీపెన్నీ వేసిన లోయిస్ మాక్స్‌వెల్‌కి కూడా అదే ఆఖరి బాండ్ సినిమా. ఆమెదీ అతని వయసే, ఇద్దరూ లండన్‌లో ఒకే నటనా పాఠశాలలో చదువుకున్నారు. గోల్డెన్ గేట్ వంతెన మీద విలన్ క్రిస్టఫర్ వాకెన్ నవ్వుతూ పడిపోవడం, గ్రేస్ జోన్స్ తీరు, వాటి కోసం చూడొచ్చు.

తర్వాత అతను 1991 నుంచి యునిసెఫ్ పని పట్టుకున్నాడు. పిల్లల కోసం, ఉప్పులో అయోడిన్ కోసం దేశాలు తిరిగాడు. 2003లో సర్ బిరుదు వచ్చింది ఆ సేవకే గానీ సినిమాలకు కాదు.

అన్నయ్య కొడుకు తర్వాతి బాండ్ డేనియల్ క్రెయిగ్‌ని చూసి పెరిగినవాడు. బాండ్ అంటే రక్తం కారాలి, ఏడవాలి వాడికి. పోయిన సెలవుల్లో వాడికి 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' పెట్టాను. కారు లోయలోకి తన్నగానే లేచి కూర్చున్నాడు. "బాబాయ్, ఈయన ఇలాంటివి ఇంకెన్ని చేశాడు?" అన్నాడు. ఇంకేం లేవురా, ఇదొక్కటే ఇలా ఉంటుంది, మిగతావాటిలో నువ్వు వెతుక్కోవాలని చెప్పాను. వాడు ఊరుకోక తనే 'మూన్‌రేకర్' పెట్టుకున్నాడు. వెనిస్‌లో పడవ నేల మీదికెక్కి చౌక్‌లో తిరుగుతుంటే ఒక పావురం తల తిప్పి, నమ్మలేక మళ్ళీ తిప్పి చూస్తుంది. ఫిల్మ్‌ని వెనక్కీ ముందుకీ నడిపి చేసిన గారడీ అది. వాడు టీవీ ఆపి నా వంక చూశాడు. పక్క గదిలోంచి అన్నయ్య, "పావురం వచ్చిందా?" అని అరిచాడు. మొసళ్ళని, ఇనప పళ్ళని, నీళ్ళలో కారుని, చివరికి 57 ఏళ్ళ బాండ్‌ని కూడా నేను ఎవరి ముందైనా వెనకేసుకొస్తాను. ఆ పావురాన్ని మాత్రం నావల్ల కాదు.